పెరట్లో ఏడో మైలురాయి

ఆ ఉదయం సర్వేయరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి స్నానం, తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా, పదింటికి డైరెక్టరు వెనక నాలుగడుగుల దూరంలో నడక. మోటార్లు రాకముందు బళ్ళు నడిచిన రాతిబాట ఒకటి ఊరి పక్కన ముళ్ళకంపల్లో పడి ఉండేది. కంపలు కొట్టించి, రాళ్ళు సరిచేయించి, జనం నడిచేలా దాన్ని బాగు చేసింది వీళ్ళ పురావస్తు శాఖ ఆఫీసే. ఇవాళే తెరుస్తున్నారు. పాతకాలపు మైలురాళ్ళు పదిలో ఎనిమిది దొరికాయి. ఏడోదీ ఎనిమిదోదీ దొరకలేదు. "అంగుళం అంగుళం వెదికితిని. కాలగర్భమున కలిసినవి" అని రిపోర్టు రాసింది సర్వేయరే. రాళ్ళు ఎత్తుకుపోయినవాడికి ఆరు నెలల జైలని బోర్డు పెట్టించిందీ ఆయనే. ఆరు నెలలేం సరిపోతాయని ఆఫీసులో పోట్లాడిందీ ఆయనే.

స్నానానికి పెరట్లోకి వెళ్ళేసరికి భార్య బట్టలుతికే రాయిని గడ్డపారతో తిరగేస్తోంది.

"ఇటువైపు అరిగిపోయి సబ్బు జారిపోతోందండీ. అటువైపు ఏవో గీతలున్నాయి, ఉతకడానికి బాగుంటుంది."

సర్వేయరు గీతలు చూశాడు. పైన బండిచక్రం, కింద ఏడు నిలువు గీతలు. ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. ఇల్లు కొన్ననాటికే ఆ రాయి అక్కడుంది. పద్దెనిమిదేళ్ళుగా దానిమీదే కూర్చుని ఒళ్ళు రుద్దుకున్నాడు. కాలగర్భం రిపోర్టు కూడా, ఇంట్లో ఉక్కగా ఉందని, దానిమీదే కూర్చుని రాశాడు.

"ఇల్లు కొన్నప్పుడే ఉందని చెప్పండి" అంది భార్య.

"తాటిచెట్టు కింద పాలు తాగానంటే ఎవరు నమ్ముతారే? ఉద్యోగం పోతుంది. నా బోర్డు ప్రకారం నన్నే జైల్లో పెడతారు!"

డైరెక్టరు రాకముందే రాయిని బాట పక్కన ఖాళీగా ఉన్న దాని గుంతలో నిలబెట్టి, ఇవాళే దొరికిందనాలి. ఇద్దరూ ఆపసోపాలు పడి దాన్ని ఒక తోపుడుబండి మీదికి ఎక్కించారు. మీద దుప్పటి కప్పారు. దొర్లకుండా ఉండాలని భార్య ఒక చివర దిండు కూడా పెట్టింది.

గేటు దాటారో లేదో పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరు ఎదురొచ్చాడు.

"అయ్యో, ఎవరికి ఒంట్లో బాగాలేదు?"

ఇంట్లో ఉన్నది ముగ్గురు. ఇద్దరు బండి తోస్తున్నారు. వాకింగుకి వెళ్ళిన మూడో మనిషే మిగిలాడు.

"మా... మామగారికండీ."

హెడ్మాస్టరు దుప్పటి మీద చెయ్యి వేశాడు. "ఒళ్ళు మంచులా ఉందేమయ్యా! బిగుసుకుపోయారు కూడా!" అని అక్కడే కళ్ళద్దాలు తీసి ఏడ్చేశాడు. "నిన్న సాయంత్రం కూడా నాతో చదరంగంలో ఓడిపోయారే!"

వీధి చివరికి వచ్చేసరికి బండి వెనక పాతికమంది తలలు వంచుకుని నడుస్తున్నారు.

"బతికున్న మా నాన్నను చంపేశారు కదండీ!" భార్య పళ్ళ మధ్య నుంచి గొణిగింది.

"చంపింది ఆయన! ఒంట్లో బాగాలేదన్నంతవరకే నేను!"

ఇంతలో మలుపు దగ్గర, చేతిలో పాల ప్యాకెట్టుతో మామగారే కనిపించారు. ఆయనకు కళ్ళజోడు లేకపోతే చేతి దూరంలో మనిషి కూడా ఆనడు, ఆ కళ్ళజోడు ఇంట్లోనే ఉంది. "ఎవరండీ పోయింది?" అని వరసలో చివరి మనిషినడిగారు. "ఎవరో పెద్దాయన" అన్నాడతను. "పాపం, మంచివాడు" అని ఆయనా తల వంచుకుని వెనకే నడిచారు. సర్వేయరు వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ చూడలేదు. ముందు డైరెక్టరు, వెనక మామగారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెమటకు చేతులు బండి మీద నిలవడం లేదు.

ఏడో గుంత దగ్గర డైరెక్టరు అప్పటికే సిబ్బందితో నిలబడి ఉన్నాడు, అరగంట ముందే. సర్వేయరు ఆగిపోయాడు. బండి మాత్రం ఆగలేదు. చక్రం బాటరాయికి తగిలింది. దుప్పటి జారింది. రాయి దొర్లుకుంటూ వెళ్ళి డైరెక్టరు బూట్ల ముందు పడింది.

"మరి ఆయనేరీ?" అన్నాడు హెడ్మాస్టరు.

"ఎవరు?" అంటూ మామగారు జనాన్ని తోసుకుని ముందుకొచ్చారు. హెడ్మాస్టరు కెవ్వుమని కూలబడ్డాడు. మామగారు రాయికి ముక్కు ఆనించి చూసి, "ఇదేంటమ్మాయ్, మన బట్టలుతికే రాయి ఇక్కడికెందుకొచ్చింది?" అన్నారు, ఊరందరికీ వినపడేలా.

అంతే. సర్వేయరు కళ్ళు మూసుకున్నాడు. లోపల తన బోర్డే కనిపించింది, పెద్ద అక్షరాలతో.

డైరెక్టరు రాయిని చూశాడు, జనాన్ని చూశాడు, గొంతు సవరించుకున్నాడు. "పోయిన రాయిని ఊరంతా కలిసి ఇంత భక్తిగా తెచ్చి అప్పగించింది. వారసత్వాన్ని కాపాడుకోవడమంటే ఇదీ!" జనానికి ఏమీ అర్థం కాలేదు, అందుకే గట్టిగా చప్పట్లు కొట్టారు.

తర్వాత సర్వేయరును పొద చాటుకి తీసుకెళ్ళాడు. దగ్గర్నుంచి చూస్తే డైరెక్టరు ముఖంలోనూ నెత్తురు చుక్క లేదు.

"ఎనిమిదో రాయి గురించి ఏమని రాశారు?"

"అదీ... కాలగర్భమే సార్."

"నేనూ సంతకం పెట్టాను." డైరెక్టరు నుదురు తుడుచుకున్నాడు. "మొన్న మా గుమ్మం ముందు మెట్టు ఊడింది. అడుగున చక్రం, ఎనిమిది గీతలు. అప్పట్నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు."

సర్వేయరుకి పోయిన ఉద్యోగం తిరిగొచ్చినట్టయింది. డైరెక్టరు అటూ ఇటూ చూసి ఇంకాస్త దగ్గరికి వంగాడు.

"ఆ బండీ దుప్పటీ ఇప్పుడే పంపేయకండి. మా మామగారు పోయి పదేళ్ళయింది, అత్తగారని చెబుదాం."