తాబేలుకు దొరకని మినహాయింపు

ఒక పెద్ద అడవిలో, అన్ని అడవుల్లోలాగే, సింహమే తేనె కంపెనీ పెట్టింది. ఉద్యోగులకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చింది. వాటి భద్రత తాబేలుకు అప్పగించింది. వీపు మీద డిప్ప మోసేవాడి కంటే జాగ్రత్తపరుడు ఎవడుంటాడు మరి.

పక్క అడవికి తేనె పోసే టెండరు దగ్గరపడింది. "మన రేటు బయటికి పొక్కిందో, నీ ఉద్యోగం ఊడినట్టే," అంది సింహం.

తాబేలు భయపడిపోయి వెంటనే ఆర్డరు వేసింది. టెండరు అయ్యేదాకా అందరూ ఇంటర్నెట్‌కు వైరు పెట్టుకునే పని చేయాలి, వైఫై ముట్టుకోరాదు.

"భేష్. అందరికీ వర్తిస్తుంది, నాకు తప్ప," అంది సింహం. "రాజును వైరుతో కట్టేస్తే చూసేవాళ్లకేం బాగుంటుంది?"

అది విని ఏనుగు వచ్చింది. "నిన్నగాక మొన్న చేరినవాళ్లకూ వైరే, నాకూ వైరేనా?" అని మినహాయింపు పట్టుకెళ్లింది. పురి విప్పితే వైరు చిక్కుపడుతోందంది నెమలి. కుదురుగా కూర్చోవడం ఒంటికి పడదని కోతి డాక్టరు సర్టిఫికెట్ తెచ్చింది. ఎలుకకు ఏ సాకూ దొరకలేదు, అందుకని ఏనుగు సిఫార్సు తెచ్చుకుంది. తాబేలు వద్దు మొర్రో అంటూనే ఉంది, సింహం సంతకాలు పెడుతూనే ఉంది.

చివరికి వైరు తాబేలు ఒక్కదానికే మిగిలింది.

ఇంతలో ఆఫీసు ఎదురుగా నక్క టీ కొట్టు తెరిచింది. అక్కడ వైఫై ఉచితం, దాని పేరు 'సింహం ఆఫీసు'. "మనదే కాబోలు, ఎంత స్పీడుగా ఉందో," అని అందరూ అక్కడే చేరారు. ఆ వైఫైలో పోయే ప్రతి అక్షరాన్నీ నక్క చదివాకే పంపేది. సింహం కూడా అల్లం టీ చెప్పి, టెండరు రేటు అక్కడి నుంచే పంపింది.

టెండరు తెరిచారు. నక్క బావమరిది తోడేలు కాస్త తక్కువ రేటు వేసి ఎగరేసుకుపోయింది.

విచారణకు గాడిదను వేశారు. "వైఫై వాడారా?" అని అది ఒక్కొక్కరినే అడిగింది.

"వాడాం, అనుమతితోనే," అన్నారు అందరూ.

"నేను వాడలేదండీ. నాకు అనుమతి లేదు," అంది తాబేలు.

గాడిద కళ్లజోడు సవరించుకుంది. "తప్పు జరిగింది, అది ఖాయం. అనుమతితో చేసింది తప్పెలా అవుతుంది? ఇక ఈ ఆఫీసులో అనుమతి లేనిది నువ్వొక్కడివే కదయ్యా."

"ఇదెక్కడి న్యాయం సార్?" అని తాబేలు సింహం వైపు తిరిగింది. సింహం తాబేలు డిస్మిస్ కాగితం మీద చివరి సంతకం పెట్టేసింది. పాపం, తాబేలు కళ్లు తుడుచుకుంటూ ఇంటిదారి పట్టింది.

నీతి అడిగితే ఇంతే: ఆఫీసన్నాక రూలు పాటించేవాడు ఒక్కడైనా ఉండాలి, లేకపోతే తప్పు ఎవరి మీద వేస్తారు?