మా మాట వినే నాథుడు

మా ఇంటి మీద నిఘా పెట్టిన ప్రభుత్వ గూఢచారి విభాగానికి ముందుగా నా ధన్యవాదాలు. వెటకారం అనుకునేరు, మనస్ఫూర్తిగానే అంటున్నాను. మీ ఇంట్లో మీ మాట ఎవరైనా వింటున్నారా? గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పండి. మీరు నోరు తెరవగానే మీ ఆవిడ టీవీ సౌండు పెంచుతుంది, మీ అబ్బాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాడు. మా ఇంట్లో నేను దగ్గినా రాసుకునే మనిషి ఉన్నాడు. నెలనెలా జీతం తీసుకుని మరీ రాసుకుంటున్నాడు.

మా ఫోను ఎత్తగానే టక్కుమని ఒక చప్పుడు వస్తుంది. మొదట్లో లైను చెడిపోయిందనుకుని కంప్లయింటు ఇచ్చాం. లైన్‌మన్ వచ్చి, తీగ పట్టుకుని చూసి, ఇది బాగుచేసే రకం కాదండీ అని మొహం పక్కకు తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి మా ఆవిడ వాళ్ల చెల్లెలికి నా గురించి చెప్పే చాడీలన్నీ ప్రభుత్వ రికార్డుల్లో భద్రంగా ఉన్నాయి. దేశ భద్రతకు నా గురక ఇంత అవసరమని నాకు అంతవరకూ తెలియనే తెలియదు!

మా తాతగారు ఏ సంవత్సరంలో పుట్టారో మా ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ తెలియదు. కానీ మేడ మీద ఉంటున్న మా బావ పోయిన ఏడాది ఏ రోజున ఎన్నింటికి గడ్డం గీసుకున్నాడో రాసిపెట్టి ఉంది. ఇలాంటి గౌరవం మా వంశంలో ఇంకెవరికి దక్కింది చెప్పండి?

బావ అంటే మా అక్క మొగుడు. లైబ్రరీలో బైండింగ్ పని చేస్తాడు. చిరిగిన పుస్తకాలకు అట్టలు వేసి, జిగురు రాసి, బరువు కింద పెట్టి ఆరబెట్టడం తప్ప ఆయనకు వేరే లోకం లేదు. అబద్ధం ఆడమంటే చెమటలు పట్టే మనిషి. అలాంటి మనిషి మీద నిఘా ఎందుకంటారా? ఆయనకంటే ముందు ఆ మేడ మీద అద్దెకున్నవాడెవడో కరపత్రాలు పంచాడట. వాడు ఖాళీ చేసి వెళ్లిపోయాడు, ఫైలు మిగిలిపోయింది. ఫైలు తెరిచింది డోర్ నంబరు మీద కాబట్టి ఆ తలుపు వెనకాల ఎవరుంటే వాళ్లే ముద్దాయి. మనుషులు మారతారు గానీ డోర్ నంబర్లు మారవు కదా, ఆ లెక్కన డిపార్ట్‌మెంటు చేసింది తెలివైన పనే.

మమ్మల్ని కనిపెట్టి చూడ్డానికి డ్యూటీ వేసిన ఆయన ఎదురుగా మందుల షాపు మెట్ల మీద కూర్చుంటాడు. ఎండైనా వానైనా చేతిలో గొడుగు ఉంటుంది గనుక ఆయన్ని మేం గొడుగాయన అంటాం. ఎండలు ముదిరినప్పుడు మా అక్క మంచినీళ్లు పంపేది. తాగి, గ్లాసు తుడిచి మరీ వెనక్కి పంపేవాడు. ఆ సంగతి కూడా రాసుకునే ఉంటాడు.

ఒకరోజు సాయంత్రం ఆయన గొడుగు మడిచి మేడెక్కాడు. మొహం వేలాడేసుకుని సంగతంతా బావకు చెప్పుకున్నాడు. ఆయన రోజూ ఒక ఫారం నింపాలి. అందులో ఏం చూశావో రాయడానికి గడి ఉంది గానీ, ఏమీ లేదని రాయడానికి గడి లేదు. పదకొండు నెలలు లైబ్రరీకి వెళ్లాడు, ఇంటికొచ్చాడు అని రాసేసరికి పై ఆఫీసరుకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లు ఏమీ చెయ్యకుండా ఉన్నాడంటే వాడు మామూలువాడు కాదు, ఆరితేరినవాడు, నీకే కళ్లు కనబడ్డం లేదు అన్నాడట.

"అయ్యా, ఈ వారమైనా ఏదో ఒకటి రాయకపోతే నన్ను సరిహద్దుకి వేసేస్తారు. మా ఆవిడకి ఇక్కడ డయాలసిస్ నడుస్తోంది. ఒక్క ముక్క మీరే చెప్పండి" అన్నాడు గొడుగాయన.

బావ జాలిగుండె కరిగి నీరైంది. అబద్ధం చెప్పలేడు కనుక కాసేపు ఆలోచించి, జరిగిందే చెప్పి రాయించాడు. మంగళవారం ముక్కూమొహం తెలియని ఇద్దరు బైండింగ్ గదికి వచ్చారు. తలుపు వేసుకుని గంటసేపు మాట్లాడుకున్నారు. బల్ల మీద మ్యాపులు పరిచి చూశారు. ఇందులో ఒక్క అక్షరం తప్పు లేదు. వచ్చినవాళ్లు ఒక స్కూలు మాస్టార్లు, తెచ్చింది చిరిగిపోయిన అట్లాసు, తలుపు వేసింది గాలికి కాగితాలు ఎగిరిపోతాయని. అవి కూడా రాయమని బావ అన్నాడు. గడి చిన్నది, ఇక పట్టదండీ అని గొడుగాయన రెండు చేతులూ జోడించి దండం పెట్టి వెళ్లాడు. ఒక మనిషి ఉద్యోగం నిలబెట్టానని బావ ఆ పూట తృప్తిగా భోంచేశాడు.

అయిదో రోజు మధ్యాహ్నం నంబరు లేని జీపు లైబ్రరీ ముందు ఆగింది. చేతులకు జిగురు ఉండగానే ఎక్కించుకుపోయారు. చిన్న ఎంక్వయిరీ, పది నిమిషాల్లో పంపేస్తాం అన్నారట. ఆ పది నిమిషాలకు ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. ప్రభుత్వంవారి నిమిషం కాస్త పెద్దది, మనమే సర్దుకోవాలి.

అక్కను వెంటబెట్టుకుని వాళ్ల ఆఫీసుకు వెళ్లాను. ఎంత మర్యాద! ఆఫీసరు కుర్చీలు వేయించి టీ తెప్పించాడు. మీకు చక్కెర లేకుండా కదా అని నన్నడిగాడు. మా సొంత వియ్యంకుడికి ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండని సంగతి అది. అక్కకు మోకాలినొప్పి ఎలా ఉందని కూడా అడిగాడు. అప్పుడు మేం బావ సంగతి అడిగాం. ఆయన ఫైలు పేజీలు ఓపిగ్గా తిప్పి, అలాంటి మనిషి మా దగ్గర లేడన్నాడు.

"బాబూ, ఆయనకి ఫిట్స్. పొద్దునొకటి, సాయంత్రమొకటి మాత్ర పడాలి. డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది" అంది అక్క.

"తెలుసమ్మా, ఫైల్లో ఉంది. మనిషే లేడు" అన్నాడు ఆఫీసరు.

గొడుగాయన మాత్రం ఇప్పటికీ రోజూ వస్తున్నాడు. నిఘా ఎత్తేయమని ఆర్డరు రాలేదట. చూసింది చూసినట్టు రాయాలి కనుక, సదరు వ్యక్తి ఇంటికి రావడం లేదు అని రాశాడు. దాని మీద మొన్న మా తలుపుకు నోటీసు అంటించారు. బావ పరారీలో ఉన్నాడట. ఎక్కడున్నాడో వారంలోగా చెప్పకపోతే మా మీద కేసు పెడతారట. ఎత్తుకుపోయినవాళ్లే వచ్చి ఎక్కడ దాచారని మమ్మల్ని అడగడం, ఎంత కలుపుగోలుతనం!

నాకేమీ కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. గొంతు దాకా ఉంది. కానీ అక్క రోజూ పొద్దున్నే ఫోను ఎత్తి, ఏ నంబరూ నొక్కకుండా, ఆయనకి మాత్ర వేశారా బాబూ అని అడుగుతుంటే పక్కన నిలబడి ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు. అవతల వింటున్నవాళ్లు ఉన్నారని మా ఇద్దరికీ తెలుసు. ఆ టక్కుమనే చప్పుడు ఇంకా వస్తూనే ఉంది.

ఈ వ్యాసం మీకంటే ముందు చదివేది వాళ్లే కాబట్టి చివరగా వాళ్లకొక మనవి. మందుల షాపు మెట్ల మీద, గొడుగాయన పక్కన, ఒక తెల్ల డబ్బా ఉంది. నిన్న అక్క స్వయంగా వెళ్లి పెట్టి వచ్చింది. ఆయన తల ఎత్తలేదు, వద్దనీ అనలేదు. అందులో నెలకు సరిపడా మాత్రలున్నాయి. దయచేసి తీసుకెళ్లండి. ఎక్కడికని మేం అడగం. డబ్బా మీద రోజుకు రెండు, తిన్న తరువాత అని అక్క గుండ్రంగా రాసింది. పేరు మాత్రం రాయలేదు. రాస్తే, అలాంటి మనిషి మా దగ్గర లేడని మీరు వెనక్కి పంపేస్తారని.