గవ్వలపేటలో అరువు పాదాలు

ఓడ వచ్చే రోజు గవ్వలపేట వాసులు ఉదయం ఏడింటికల్లా తమ పాదాలను మునిసిపల్ కల్యాణ మండపంలో అప్పగించాలి. ఓడ ప్రయాణికులకు ఊరంతా కాలినడకన చూడాలని ముచ్చట. వారం రోజులు తివాచీల మీద తిరిగిన వాళ్ల పాదాలు ఇక్కడి ఇసుకకు ఓర్చుకోలేవు. అందుకని అవి ఓడలోనే గోరువెచ్చని నీళ్లలో విశ్రాంతి తీసుకుంటాయి. ప్రయాణికులు చక్రాల కుర్చీల్లో దిగి, మండపంలో ఇక్కడి పాదాలు తొడుక్కుని, పది నుంచి నాలుగు దాకా తిరుగుతారు. ఇందులో ఇంకో సౌకర్యం కూడా ఉంది. పాదాలు లేని జనం వీధుల్లో అడ్డం రారు.

పాదాలిచ్చిన వాళ్లకు టోకెన్, పులిహోర పొట్లం, కూర్చోవడానికి జంపఖానా ఇస్తారు. ఇవ్వని వాళ్ల రేషన్ కార్డు పని చేయదు. చీలమండ దగ్గర ఆఫీసు తాళంచెవి పెట్టి తిప్పితే పాదం ఊడి వస్తుంది. నొప్పి ఉండదని కరపత్రంలో రాశారు. ఉంటుందని చెప్పడానికి ఆఫీసుకు ఎవరూ రాలేదు. రావడానికి పాదాలు కావాలి కదా.

కారి నూకరత్నం ఎండుచేపలు అమ్ముకునే మనిషి. ఆమె భర్త లచ్చన్న ఏడు నెలల కిందట వేటకు వెళ్లాడు. మనిషీ రాలేదు, పడవా రాలేదు. నిబంధన ప్రకారం ఆడవాళ్లు మెట్టెలు తీసి మరీ పాదాలివ్వాలి. తీయడం తాత్కాలికమేనని భర్త సంతకం చేయాలి.

“మీ ఆయన సంతకం?” అని పాదాల విభాగం సూపరింటెండెంట్ భుజంగరావు అడిగాడు.

“ఏటకెల్లినాడు బాబూ. ఇంకా రాలేదు.”

“ఏడు నెలలైందమ్మా. పోయాడని కాగితం తెచ్చుకుంటే సంతకమే అక్కర్లేదు.”

“పోనాడని ఎవులు సూసినారు? నాను మెట్టెలు తియ్యను. కావాలంటే వాటితోనే అట్టుకెల్లండి.”

భుజంగరావు మంచివాడు. అంటే, తనకు ఇబ్బంది లేనంతవరకు ఎవరినీ ఇబ్బంది పెట్టడు. ‘మెట్టెలతో సహా’ అని రాసుకుని రెండు వందల పద్నాలుగో నంబరు టోకెన్ ఇచ్చాడు.

ఆ పాదాలు హైదరాబాదు నుంచి వచ్చిన వసుంధర గారికి సరిగ్గా సరిపోయాయి. ఆవిడ రిటైరైన కాలేజీ ప్రిన్సిపాల్. మెట్టెలు చూసి ముచ్చటపడి ఫోటో తీసుకున్నారు. లైట్‌హౌస్ చూశారు. ఫోటో స్థలంలో సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డారు. కొబ్బరి నీళ్లు తాగి గవ్వల దుకాణం దాకా వచ్చేసరికి మూడైంది. మూడు కాగానే పాదాలు ఆవిడ మాట వినడం మానేశాయి.

పాత ఐసు ఫ్యాక్టరీ వెనకగా, ఎండుచేపల పందిళ్ల మధ్యగా, అవి ఊరి తూర్పు చివరికి నడిచాయి. అలలు చీలమండల్ని తాకే చోట ఆగిపోయాయి. ఏడు నెలలుగా రోజూ మూడింటికి అవి అక్కడికే వచ్చి పొద్దుగూకేదాకా నిలబడుతున్నాయి. గైడు బతిమాలాడు, లాగాడు. ఓడ మూడుసార్లు కూత వేసింది. చివరికి మునిసిపాలిటీ వారి నలుగురు మోతగాళ్లు ఆవిడను నిలువునా ఎత్తుకుని మండపానికి తెచ్చారు.

“నేను ఎవర్నీ తప్పుపట్టడం లేదు,” అన్నారు వసుంధర గారు ఫిర్యాదు ఫారం నింపుతూ. “కానీ అక్కడ చూడ్డానికి ఏమీ లేదండీ. గంటసేపు ఉత్త నీళ్లే చూశాను.”

జంపఖానా మీద నుంచి నూకరత్నం తలెత్తింది. “అమ్మా, పడవేటైనా అగుపడిందా?”

“లేదు.”

“నీలం పడవ. ముందర ఎర్ర గీతుంటాది.”

“ఏమీ లేదమ్మా. బాగానే చూశాను.”

నూకరత్నం ఊపిరి వదిలింది. కనీసం ఈరోజు చూడటం ఆగలేదు, తన బదులు ఎవరో ఒకరు చూశారు. వసుంధర గారు కలం పట్టుకుని కాసేపు ఆగారు. తర్వాత, ఓడకు ఆలస్యమవుతుంది కాబట్టి, సంతకం పెట్టేశారు.

ఫిర్యాదు అందిన పాదాలను ఇరవై ఒక్క రోజులు నడక శిక్షణ కేంద్రంలో ఉంచుతారు. అక్కడ సిమెంటు నేల మీద ఊరి పటం గీసి ఉంటుంది. లైట్‌హౌస్, ఫోటో స్థలం, కొబ్బరి నీళ్లు, గవ్వల దుకాణం. ఒక్కోచోట ఐదు నిమిషాలు. తూర్పుకు తిరిగిన పాదాన్ని బెత్తంతో సరిచేస్తారు. ఆ మూడు వారాలూ పక్కింటి సింహాచలమ్మే నూకరత్నానికి నీళ్లు తెచ్చి పెట్టింది. పాదాలు తిరిగొచ్చాయి గానీ మెట్టెలు రాలేదు. శిక్షణలో తీసేశారు. తిరిగి ఇవ్వాలంటే లచ్చన్న సంతకం కావాలి.

శిక్షణ పొందిన పాదాలు బాగా నడుస్తున్నాయని ఓడ కంపెనీ మెచ్చుకుంది. ఇక ఫిర్యాదుల కోసం ఆగకుండా అందరి పాదాలనూ వంతులవారీగా శిక్షణకు పంపసాగారు. కొందరు సిఫార్సు చేయించుకుని తమవి ముందే పంపించుకున్నారు. శ్రావణం వచ్చేసరికి, ఓడ లేని రోజుల్లో కూడా మూడింటికి సగం ఊరు లైట్‌హౌస్ చూస్తోంది.

అలాంటి ఒక ఆదివారం, లైట్‌హౌస్ ముందు వరుసలో నిలబడ్డ నూకరత్నం దగ్గరికి సింహాచలమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె వంతు ఇంకా రాలేదు.

“ఒసే, మీ పడవేనే! ఎర్ర గీతుంది! మనిసున్నాడే, కొనపేనంతో ఉన్నాడు. నీ పేరే అంటన్నాడు. రా!”

నూకరత్నం తూర్పుకు తిరగబోయింది. పాదాలు తిరగలేదు. సింహాచలమ్మ రెక్క పట్టి లాగింది. కూలబడి పాకుదామని చూస్తే పాదాలు కూలబడనివ్వలేదు. ఆదివారం కాబట్టి తాళంచెవి భుజంగరావు ఇంట్లో ఉంది. మోతగాళ్లు ప్రయాణికులను తప్ప మొయ్యరు. వెనక వరుసలో పద్దెనిమిది మంది ఉన్నారు. వాళ్లందరికీ లచ్చన్న తెలుసు, అందరికీ ఏడుపొచ్చింది. ఎవరి పాదాలూ కదలలేదు.

“నువ్వెల్లు ఒదినా,” అంది నూకరత్నం చివరికి. “నా బదులు నువ్వు సూడు. ఇంకా కొబ్బరి నీల్లు, గవ్వల కొట్టు ఉన్నాయని సెప్పు. అయ్యాక ఒస్తానని సెప్పు.”

సింహాచలమ్మ ఏడుస్తూ వెనక్కి పరుగెత్తింది. ఈలోగా పాదాలు నూకరత్నాన్ని ఫోటో స్థలానికి చేర్చాయి. అక్కడ సముద్రానికి వీపు పెట్టి ఐదు నిమిషాలు నిలబడాలి. ఆమె నిలబడింది.