సీసా పట్టిన చేతికి చుట్ట అందదు

గంగిరేవులపాడు ప్రభుత్వ ఆస్పత్రిలో, మగవాళ్ళ మెడికల్ వార్డులో, పొగ తాగడమనే దురలవాటు సంపూర్ణంగా అంతరించిపోయిందనీ, అందుకు ఏకైక కారణం ఆ వార్డులో చాలినంతమంది నర్సులు లేకపోవడమేననీ 1984లో శాస్త్రీయంగా రుజువైంది. రుజువు చేసినవారు సూపరింటెండెంటు డాక్టర్ అనంతపద్మనాభం గారు. ఆ రుజువుకు బలైనవారు స్టాఫ్ నర్సు వెంకటరావమ్మ గారు. పరిశోధన అన్నాక ఇద్దరూ ఉండాలి కదా!

గంగిరేవులపాడు ఒంగోలుకు ఇరవై మైళ్ళు. అటు పొగాకు, ఇటు మిరప, నడుమ అప్పుడప్పుడూ మనసు మార్చుకున్న రైతు వేసిన పత్తి. ఆ ఊళ్ళో బడులకన్నా, పచ్చాకును వేడిపెట్టి ఆరబెట్టే పొగాకు బ్యారన్లు ఎక్కువ. పెళ్ళికి వచ్చినవాళ్ళకి తాంబూలం మరిచిపోయినా సర్దుకుంటారు గానీ చుట్ట అందకపోతే వియ్యంకుడు అలిగి అరుగు దిగుతాడు. పొగ మానిపించే పరిశోధనకు రాష్ట్రం మొత్తంలో ఇంతకన్నా అనువైన చోటు లేదని పైవారు గుర్తించారు. కొత్తపట్నం రేవులో నిలబడి చేపలు తినొద్దని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో దీనికీ అంతే కావాలి. ఆ ధైర్యం అనంతపద్మనాభం గారికి ఉంది. రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చే మనిషికి పొగ గురించి ఒకరు చెప్పాల్సిన పని కూడా లేదు.

వెంకటరావమ్మ గారి సంగతి వేరు. ఆమె వార్డులో మంచాలు నలభై, రోగులు యాభై ఎనిమిది, పగటిపూట నర్సు ఒకరు. ఆ ఒకరు ఆమే. రెండో నర్సు కావాలని మూడేళ్ళుగా అర్జీలు పెడుతూనే ఉంది. "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వస్తూనే ఉంది. ఈమధ్య ఆ అవసరం మరీ పీకల మీదికి వచ్చింది. తల్లి గురవమ్మ కడుపులో గడ్డ పెరుగుతోంది. ఆపరేషన్ చేయించాలి, దగ్గర పదిరోజులు ఉండాలి. గురవమ్మ ముప్ఫయ్యేళ్ళు పొగాకు గ్రేడింగు షెడ్లో ఆకు ఏరి కూతుర్ని నర్సు చదివించిన మనిషి. ఆమెకు పదిరోజులు ఇవ్వలేకపోవడం కూతురికి ముల్లులా గుచ్చుకునేది. కానీ రెండో మనిషి లేకుండా మొదటి మనిషికి సెలవు ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు.

ఆ పరిస్థితిలో డాక్టరు గారు ఆమెను పిలిచి, సిగరెట్టు వెలిగించుకుని, శుభవార్త చెప్పారు.

"చూడమ్మా సిస్టర్! నర్సుల సలహాతో రోగులు పొగ మానుతారా లేదా అని స్టడీ మనకి శాంక్షనైంది. ఇది సక్సెస్ అయిందనుకో, నర్సుల అవసరం ఎంతో గవర్నమెంటుకి తెలిసొస్తుంది. నీ రెండో నర్సు నడుచుకుంటూ వస్తుంది."

"సలహా నేనే చెప్పాలాండీ?"

"సలహా చెప్పి, ఈ ఫారం నింపాలి. అంతే."

ఫారం పద్దెనిమిది పేజీలు, ఇంగ్లీషులో. ప్రశ్నలు అరవై నాలుగు. 'మొట్టమొదటిసారి పొగ పీల్చినప్పుడు మీ మనోభావాలు వివరించండి' అన్నది పదకొండోది. ఒక్కో రోగికి రోజూ నలభై నిమిషాలు కేటాయించాలి. వార్డులో పొగరాయుళ్ళు నలభై ఒక్కమంది. వెంకటరావమ్మ వేళ్ళ మీద లెక్కవేసి, మొత్తం ఇరవై ఏడు గంటల ఇరవై నిమిషాలు అవుతుందని మనవి చేసింది. రోజుకు ఇరవై నాలుగే కదా అని కూడా గుర్తుచేసింది.

"ఆ మూడు గంటలూ ఎక్కడో అక్కడ సర్దుకోవాలమ్మా. సర్వీసంటే అదే మరి," అన్నారు డాక్టరు గారు.

మొదటిరోజు ఆమె మొదటి మంచం దగ్గర మొదలుపెట్టింది. ఆ మంచం మీది బాపయ్య పొగాకు రైతు. ఆయాసంతో చేరాడు. దగ్గు మధ్య చుట్ట, చుట్ట మధ్య దగ్గు. పదకొండో ప్రశ్న అడిగేసరికి అతనికి మహా హుషారొచ్చింది.

"మనోభావమా? రాసుకో సిస్టరమ్మా. మా తాత చేతిలోంచి లాక్కున్నా. ఒక్క దమ్ము పీల్చేసరికి బ్యారనూ, గొడ్లచావిడీ, మా తాతా గిర్రున తిరిగారు. ఆ రుచి మళ్ళీ ఈ జన్మలో తగల్లేదమ్మా! దానికోసమే గదా ఇన్నేళ్ళుగా ఎతుకుతున్నా."

అంటూనే జ్ఞాపకం వచ్చినందుకు చుట్ట తీశాడు. సరిగ్గా అప్పుడే పక్క మంచం మీద సైదా పడిపోయేట్టు ఊగుతున్నాడు. మిరపకోతలకు వచ్చిన కూలీ, వాంతులూ విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయింది. వెంటనే సెలైన్ ఎక్కించాలి. వార్డుకున్న రెండు స్టాండ్లలో ఒకటి విరిగింది. రెండోదానికి సూపరింటెండెంటు గారి కోటు తగిలించి ఉంది, అది ఆఫీసు గదిలో ఉంది. వెంకటరావమ్మ సూది గుచ్చి, సీసా ఎత్తిపట్టి, నాలుగు దిక్కులా చూసింది. అవతల మూలన ఎవరో "అమ్మా" అని మూలుగుతున్నారు. ఇంకేం ఆలోచించలేదు. సీసా తెచ్చి బాపయ్య చేతిలో పెట్టింది.

"పైకెత్తి పట్టుకో. దించావంటే వాడి ప్రాణం నీ మెడకి చుట్టుకుంటుంది."

బాపయ్య పట్టుకున్నాడు. పొగతాగేవాళ్ళు కానివారికి ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పాలి. చుట్ట ముట్టించాలంటే అగ్గిపెట్టెకో చెయ్యి, పుల్లకో చెయ్యి కావాలి. ఒక చేత సీసా ఉన్నవాడు చుట్టను నోట్లో పెట్టుకుని నమలగలడు గానీ కాల్చలేడు. కుడిచెయ్యి లాగితే ఎడమచేతికి మార్చుకోవాలి, ఎడమది లాగితే కుడిచేతికి. గంటన్నర అలా గడిచింది. సైదా కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగాడు.

"ఏరా సైదా, బతికావా? నేనేరా పట్టుకుంది!" అని బాపయ్య వార్డంతా వినపడేట్టు అరిచాడు. ఆ సాయంత్రం దాకా చుట్ట మాట మరిచిపోయాడు. మర్నాడు పొద్దున్నే తనంతట తనే వచ్చి, "ఇయ్యాల ఎవరికమ్మా సీసా?" అని అడిగాడు.

వెంకటరావమ్మ ఫారాలు అల్మారాలో పెట్టి తాళం వేసింది. పొగతాగే ప్రతి మనిషికీ ఒక పని అప్పజెప్పింది. పత్తి రైతులు కూర్చుని దూది ఉండలు చుట్టారు. మిరప కమీషను వ్యాపారం చేసేవాడికి జ్వరం పట్టీలు రాయడం అప్పగిస్తే, అణాపైసలతో సహా రాశాడు. నడవగలిగినవాళ్ళు నడవలేనివాళ్ళను పట్టుకున్నారు. బాపయ్య వీళ్ళందరికీ మేస్త్రీ అయ్యాడు. చేతులు ఖాళీలేక మూడు వారాల్లో వార్డులో పొగ వాసన పోయి, ఫినాయిలు వాసన వచ్చింది. చాలాకాలానికి ఆ వార్డులో మనుషులు తమకు జబ్బన్న సంగతి మరిచిపోయి ఒకరినొకరు బాగుచేసుకున్నారు. అది చూసి ఆమెకు నిజంగా సంతోషమేసింది. ఆ సంతోషమే కొంపముంచింది.

డాక్టరు గారు తనిఖీకి వచ్చి, ముక్కు ఎగబీల్చి, నమ్మలేక మళ్ళీ ఎగబీల్చారు. నలభై ఒక్కరిలో పొగ తాగుతున్నవాళ్ళు సున్నా. పోలికకోసం సర్జికల్ వార్డుకు వెళ్ళారు. అక్కడ ఇద్దరు నర్సులున్నారు. సేవలన్నీ సకాలంలో జరుగుతున్నాయి కాబట్టి రోగులు వెల్లకిలా పడుకుని, పైకప్పు చూస్తూ, నిక్షేపంగా చుట్టలు కాల్చుకుంటున్నారు.

"ఎలా సాధించావమ్మా?"

ఇక్కడ వెంకటరావమ్మ ఒక పొరపాటు చేసింది. నిజం చెప్పింది.

"నా సలహా ఏమీ లేదండీ. నేనొక్కదాన్నే గనక నా పనంతా వాళ్ళచేత చేయిస్తున్నా. చేతులు ఖాళీలేక మానేశారు. అదే రెండో నర్సు ఉంటే..."

"ఆగు, ఆగు!" డాక్టరు గారి కళ్ళు మెరిశాయి. "రెండో నర్సు ఉంటే తాగేవాళ్ళు! అవునా?"

పరిశోధనలో ఇలాంటి క్షణాలు అరుదు. ఆ వారమే నివేదిక తయారైంది. నర్సుల సంఖ్యకూ పొగ మానడానికీ విలోమ సంబంధం ఉన్నదని అందులో తేలింది. ఇద్దరు నర్సులున్నచోట మానినవారు లేరు. ఒక్కరున్నచోట అందరూ మానారు. అసలు ఎవ్వరూ లేనిచోట ఇంకెంత మేలు జరుగుతుందో ఊహకే అందడం లేదని, ఆ దిశగా ప్రభుత్వం సాహసించాలని నివేదిక కోరింది. ఇరవై ఏళ్ళుగా అదే దిశగా అడుగులు వేస్తున్న ప్రభుత్వానికి, తాను చేసేది సైన్సని అప్పుడే తెలిసింది.

సన్మానసభ పొగాకు వ్యాపారి శేషాచలం గారి గోడౌన్లో జరిగింది. ఊళ్ళో అంతమంది పట్టే చోటు అదొక్కటే. పొగాకు బేళ్ళ మీద జంపఖానా పరిచి వేదిక కట్టారు. అధ్యక్షులు శేషాచలం గారు ఆవేశంగా మాట్లాడారు.

"పొగ తాగడం మహాపాపం! పొగాకు పండించడం దేశసేవ! ఇందులో తికమక ఏమీ లేదు. మనం పండిద్దాం, పరాయిదేశాలవాళ్ళు తాగుతారు. వాళ్ళ డాలర్లు మనకి, వాళ్ళ దగ్గు వాళ్ళకి! ఈ మహత్తర ఆశయానికి మా అక్కగారు వెంకటరావమ్మ గారు..."

చప్పట్ల మధ్య ఆమెకు శాలువా కప్పారు. శాలువాతోపాటు ఒక కవరూ ఇచ్చారు. రెండో నర్సు ఉత్తరువే అనుకుని ఆమె అక్కడే నిలబడి చింపింది. ఆ వార్డుకున్న ఒక్క నర్సు పోస్టునూ ప్రయోగాత్మకంగా రద్దు చేసినట్టు, సర్జికల్ వార్డు పోస్టులూ దశలవారీగా పోతున్నట్టు, ఆమెను జిల్లా ఆఫీసులో కొత్తగా పెట్టిన పొగ నివారణ విభాగానికి బదిలీ చేసినట్టు అందులో ఉంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. డాక్టరు గారు వెనకనుంచి భుజం తట్టి, "కంగ్రాచ్యులేషన్స్ సిస్టర్, నీ పేరు మీదే కదా అంతా!" అన్నారు.

జిల్లా ఆఫీసులో ఆమెకు బల్ల ఉంది, ఫ్యాను ఉంది, రోగులు లేరు. పని లేనందువల్ల ఆమె సెలవు చీటీ ఒక్కరోజులో మంజూరైంది. పది కాదు, పదిహేను రోజులు తీసుకొమ్మన్నారు.

ఆమె తల్లిని తీసుకుని గంగిరేవులపాడు ఆస్పత్రికే వచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగింది. గురవమ్మను మంచం మీదికి తెచ్చి పడుకోబెట్టినవాడు బాపయ్య. అతని ఆయాసం ఎన్నడో తగ్గింది గానీ, పంపేస్తే వార్డులు ఎవరు చూస్తారని డిశ్చార్జి చేయలేదు. పొలం కొడుకులు చేసుకుంటున్నారట. నాలుగు నెలల్లో మనిషి చిక్కి సగమయ్యాడు. అతని చేతిలో సెలైన్ సీసా ఉంది.

ఖాళీ చేతులతో వస్తున్న వెంకటరావమ్మను చూడగానే అతని ముఖం చాటంత అయింది.

"వచ్చావా తల్లీ! ఇంద, ఇది కాస్త పట్టుకో. నాలుగు నెల్లయిందమ్మా చుట్ట మొహం చూసి. అట్టా వసారాలోకి పోయి ఒక్కటంటే ఒక్కటి కాల్చుకొస్తా."

సీసా ఆమె చేతికొచ్చింది. బాపయ్య వసారాలోకి వెళ్ళి అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే దగ్గు. కుడిచెయ్యి లాగుతుంటే ఆమె ఎడమచేతికి మార్చుకుంది. మూడేళ్ళు పెట్టిన అర్జీలు గుర్తొచ్చి ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మత్తు పూర్తిగా వదలని గురవమ్మ కళ్ళు సగం తెరిచి, మసగ్గా ఎవరో నిలబడి ఉండటం చూసింది.

"ఎవరమ్మా అది? మా అమ్మాయి అడిగిన రెండో నర్సువా?"

"అవునమ్మా," అంది వెంకటరావమ్మ.

బాపయ్య ఇంకా రాలేదు. పథకాన్ని త్వరలో అన్ని జిల్లాలకూ విస్తరిస్తారట. ఇదంతా చదివి 'అయ్యో పాపం' అనుకుంటున్నవారు ఆ మాట అక్కడికే వచ్చి అనవచ్చు. వచ్చేటప్పుడు పళ్ళూ బ్రెడ్డూ తేనక్కర్లేదు, చేతులు ఖాళీగా ఉంటే చాలు.