ఆవకాయ మోసిన డీజిల్ ఇంజను

చిక్కడపల్లిలోని నమూనా డీజిల్ ఇంజన్ల యథార్థ పరిరక్షణ సంఘం, 2012 వేసవిలో జరిపిన అత్యవసర సమావేశంలో, సభ్యులు శ్రీ విఠల్ గారి ఇంజను పరుగెత్తినట్టు ప్రాథమికంగా తేలినందున, ఆయనను సంఘం నుంచి ఎందుకు తొలగించకూడదో సంజాయిషీ ఇవ్వవలసిందిగా ఏకగ్రీవంగా తీర్మానించింది. ఏకగ్రీవం అంటే నిజంగానే ఏకగ్రీవం. విఠల్ గారు కూడా చెయ్యెత్తారు. అందరూ ఎత్తినప్పుడు తానొక్కడూ ముడుచుకుని కూర్చుంటే బాగుండదని ఆయన ఉద్దేశం.

ఇంజను అన్నాక పరుగెత్తదా, అందులో నేరమేముంది అని అడిగే అమాయకులు ఇంకా ఉండవచ్చు. వారి జ్ఞానాభివృద్ధి కోసం సంఘం గురించి నాలుగు ముక్కలు చెప్పాలి.

సంఘం అధ్యక్షులు రమాకాంత్ గారు ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఆడిట్ చేసి రిటైరయ్యారు. చిక్కడపల్లి గ్రంథాలయం వెనక సందులో ఆయన ఇంటి ముందుగదే సంఘ కార్యాలయం. అద్దాల బీరువాల్లో, జానెడు జానెడు పొడవున్న డీజిల్ ఇంజన్లు వరుసగా కొలువుదీరి ఉంటాయి. ప్రతిదీ అసలు ఇంజనుకు కచ్చితంగా ఎనభై ఏడో వంతు. రమాకాంత్ గారు, విఠల్ గారు చిన్ననాటి స్నేహితులు. అప్పుడే కొత్తగా వచ్చిన డీజిళ్ళను చూడటానికి బడి ఎగ్గొట్టి నాంపల్లి స్టేషన్ దాకా నడిచేవాళ్ళు. ప్లాట్‌ఫాం చివర నిలబడి, ఇంజను కూత వేయగానే రమాకాంత్ నోటితో బదులు కూత వేసేవాడు, విఠల్ పడీపడీ నవ్వేవాడు. పెద్దయ్యాక ఇద్దరూ కలిసి సంఘం పెట్టారు. అధ్యక్షులయ్యాక రమాకాంత్ గారు కూత వేయడం మానేశారు. సభామర్యాద ప్రకారం విఠల్‌ను "శ్రీ విఠల్ గారు" అని పిలవడం మొదలుపెట్టారు.

కార్యదర్శి కుమారస్వామి గారు అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో జనరల్ స్టడీస్ చెబుతారు. ఊళ్ళ నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉంటూ సర్కారు కొలువు కోసం చదివే వందలమంది పిల్లలకు, నాలుగు ఆప్షన్లుంటే అందులో కరెక్టు ఒక్కటే ఉంటుందని నేర్పడం ఆయన వృత్తి. నేర్పీ నేర్పీ ఆయనకే అది బాగా వచ్చేసింది. ఇంట్లో నాలుగు చట్నీలు చేసినా ఒకటే వేసుకుంటారట.

ఈ ఇద్దరి నాయకత్వంలో సంఘం సాధించిన ప్రగతి అపారం. బజార్లో దొరికే బొమ్మ రైలుపట్టాలన్నీ విదేశీ కొలతవి. మన దేశపు పెద్దలైను, అంటే బ్రాడ్‌గేజి, అంతకంటే వెడల్పు. కనుక బొమ్మ పట్టాల మీద నిలబెట్టిన మన ఇంజను, పెద్దమనిషి పసిపిల్లల పీట మీద కూర్చున్నట్టు కనిపిస్తుంది. ఈ అన్యాయాన్ని సహించలేక సభ్యులందరూ చక్రాలను సరైన వెడల్పుకు మార్పించాలని సంఘం ఆదేశించింది. మార్పించారు. దాంతో ఆ ఇంజన్లు ప్రపంచంలో అమ్మే ఏ పట్టాల మీదా పట్టకుండా పోయాయి. యథార్థ సాధనలో ఇదొక మైలురాయి అని అధ్యక్షులు ప్రశంసించారు.

ఆ తర్వాత మసి సంగతి. కొత్తగా తళతళలాడే ఇంజను అబద్ధం కాబట్టి, అగరుబత్తి బూడిదలో నూనె కలిపి, సన్న కుంచెతో నాలుగు నెలలపాటు అధ్యక్షులు తమ ఇంజన్లకు మసి పట్టించారు. ఆయన ఇంట్లో పనిచేసే పాలమూరు నర్సింహమ్మ ఒక పొద్దున బీరువా తలుపు తెరిచి ఉండటం చూసింది, తడిబట్టతో అన్నిటినీ శుభ్రంగా తుడిచిపెట్టింది. "గింత మురికి వట్టినదాంక ఎవ్వలు సూడలే సారూ. ఇప్పుడు మంచిగ మెరుస్తున్నయి," అని సంతోషంగా చెప్పింది. అధ్యక్షులు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

కాచిగూడ యాత్ర కూడా చెప్పుకోదగ్గది. నమూనా మీద ఉన్న పసుపు గీత సరైనదో కాదో తేల్చడానికి సభ్యులంతా ప్లాట్‌ఫాం టికెట్లు కొని, స్కేళ్ళు పట్టుకుని కాచిగూడ వెళ్ళారు. అక్కడ నిలబడి ఉన్న అసలు ఇంజను మీద గీత వీళ్ళ నమూనా కంటే లావుగా ఉంది. సభ్యులు చాలాసేపు చర్చించారు. చివరకు అసలు ఇంజను నమూనాకు అనుగుణంగా లేదని నిర్ధారించి, దానికి గుర్తింపు నిరాకరించారు. ఆ సంగతి తెలియని ఇంజను టైముకే బయలుదేరి వెళ్ళిపోయింది.

నారాయణగూడలో ఒక ఫంక్షన్ హాల్లో వార్షిక ప్రదర్శన పెట్టినప్పుడు, గ్రూప్ టూకి చదువుతున్న రేణుక అనే అమ్మాయి ఉక్కపోత తట్టుకోలేక లోపలికొచ్చింది. ఇంజన్లన్నీ ముచ్చటగా చూసి, "ఇవి నడుస్తయా సార్?" అని అడిగింది.

"ఇవి నడిచే రకం కాదమ్మా, సరైన రకం," అని అధ్యక్షులు జవాబిచ్చారు. ఆ అమ్మాయి ఫ్యాను కింద కాసేపు నిలబడి వెళ్ళింది.

నడపకూడదనే నిబంధనకు కూడా గట్టి ఆధారమే ఉంది. అసలు ఇంజను పద్దెనిమిది బోగీలు లాగుతుంది. చిక్కడపల్లిలో గానీ అశోక్‌నగర్‌లో గానీ పద్దెనిమిది బోగీలు పట్టే గది ఏ సభ్యుడికీ లేదు. తక్కువ బోగీలతో నడిపితే అది అసత్యం. అసత్యానికి పాల్పడటం కంటే కదలకుండా ఉండటం మేలని తీర్మానం.

ఇంతటి నిష్ఠాగరిష్ఠుల మధ్య, అశోక్‌నగర్‌లో జిరాక్స్ షాపు నడిపే విఠల్ గారు రెండు జతల చక్రాలు ఉంచుకున్నారు. సంఘానికి వచ్చే రోజున వెడల్పువి, ఇంటి దగ్గర బజారువి. బయటికి ప్యాంటు, ఇంట్లో లుంగీ అన్నట్టు. ఇలా ఎన్నాళ్ళు సాగేదో గానీ, ఆ వేసవి తనిఖీలో కుమారస్వామి గారు భూతద్దం పెట్టి చూస్తూ, ఇంజను అడుగున చక్రాల సందులోంచి పట్టకారుతో ఏదో బయటికి తీశారు. తెల్లకాగితం మీద పెట్టారు. అందరూ వంగి చూశారు. నూనెలో నానిన ఆవగింజ.

"అధ్యక్షా, దీన్ని ఎనభై ఏడుతో గుణిస్తే కొబ్బరికాయంత అయితది," అన్నారు కుమారస్వామి గారు గంభీరంగా. "కొబ్బరికాయంత ఆవగింజ ఇరుక్కున్న డీజిల్ ఇంజను మన రైల్వేలో ఎక్కడన్న ఉన్నదా? ఇది మొదటి ప్రశ్న. ఇది ఇక్కడికి ఎట్ల వచ్చింది? ఇది రెండో ప్రశ్న."

మొదటి ప్రశ్నను సభ వాయిదా వేసింది. రెండోదానికి సంజాయిషీ కోసం, మొదట చెప్పిన ఆ ఏకగ్రీవ తీర్మానం అప్పటికప్పుడే జరిగింది. విఠల్ గారు ఎత్తిన చెయ్యి దించి లేచి నిలబడ్డారు.

"ఆవకాయ మోస్తది," అన్నారు మెల్లగా. "అన్నం తినేటప్పుడు బల్ల మీద పట్టాలేసి నడుపుత. ఉప్పు, నెయ్యి, ఆవకాయ. మా సులోచన అడిగితె అటు దిక్కు పంపిస్త. ఆమె మల్ల ఇటు పంపిస్తది."

సభ్యులు తలలు వంచుకున్నారు. బీరువాల్లో ఇంజన్లు కూడా సిగ్గుతో తలవంచుకున్నట్టున్నాయని తర్వాత ఒక సభ్యుడు అన్నాడు. అధ్యక్షులు గొంతు సవరించుకుని, "శ్రీ విఠల్ గారు సంఘ ఆశయాలకు తీరని అపచారం చేసినారు. స్థల తనిఖీ జరిపి, నేరం రుజువైతే సభ్యత్వం రద్దు చేస్తం," అని ప్రకటించారు. విఠల్ గారి ముఖంలోకి మాత్రం చూడలేదు.

ఇంటికెళ్ళి విఠల్ గారు భార్యతో అన్నది ఇంతే. "సభ్యత్వం పోతే పోనీ సులోచనా. వాడు నన్ను శ్రీ అన్నడు, గారు అన్నడు. ఇగ ఆ ఇంటి గడప ఎక్కనియ్యకుంటె నేను ఆదివారం ఎటు పోవాలె? నాంపల్లి ముచ్చట ఎవ్వనితోని చెప్పుకోవాలె?" ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. అరవై ఏళ్ళ మనిషికి నేస్తం పోతే మరో నేస్తం ఎక్కడ దొరుకుతాడు? జిరాక్స్ తీసుకుందామంటే నేస్తం షాపులోని మెషీన్లో పట్టడు కదా.

"రానియ్యి. చూద్దాం," అంది సులోచన. మామిడికాయ పప్పుకు పప్పు ఎక్కువ నానబెట్టింది.

తనిఖీ బృందంగా అధ్యక్షులు, కార్యదర్శి విచ్చేశారు. భోజన సమయంలోనే నేరం జరుగుతుంది కనుక భోజన సమయానికే విచ్చేశారు. జిరాక్స్ షాపు పైన ఇల్లు. బల్ల మీద గుండ్రంగా పట్టాలు, వాటి చుట్టూ నాలుగు కంచాలు. ఒక్కో కంచం ఒక్కో స్టేషను. విఠల్ గారిది అశోక్‌నగర్, సులోచనది నారాయణగూడ, కార్యదర్శికి నల్లకుంట కేటాయించారు. అధ్యక్షుల కంచం ముందు అట్టముక్క మీద నాంపల్లి అని రాసి ఉంది. అది చూసి అధ్యక్షులు కండువా సర్దుకున్నారు.

"నారాయణగూడల రైల్వే స్టేషనే లేదు," అని కుమారస్వామి గారు మొదటి అభ్యంతరం తెలిపారు.

"ఉంటె మంచిగుండు గద అన్నా," అంది సులోచన అన్నం వడ్డిస్తూ. "కోఠి ఆటోవాళ్ళ తోటి పరేషాన్ తప్పుతుండె."

విఠల్ గారు పట్టాలకు కరెంటిచ్చే మీట తిప్పారు. ఇంజను గుర్రుమంటూ కదిలింది. వెనక మూడు బండ్లు. మొదటిదాంట్లో ఉప్పు, రెండోదాంట్లో చిన్న గిన్నెతో నెయ్యి, మూడోదాంట్లో ఎర్రగా నిగనిగలాడే ఆవకాయ. నారాయణగూడలో ఆగింది. నల్లకుంటలో ఆగింది. కార్యదర్శి గారు సాక్ష్యం కోసమని కాస్త ఆవకాయ తీసుకున్నారు. సాక్ష్యం బలంగా ఉండాలని ఇంకాస్త తీసుకున్నారు. ఇంజను నాంపల్లి వైపు మలుపు తిరిగింది. అధ్యక్షులు తెలియకుండానే వెన్ను నిటారుగా చేసి, ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాళ్ళలా మెడ చాచి చూస్తున్నారు.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

ఆ వేసవిలో కరెంటు పోవడం వార్త కాదు, ఉండటమే వార్త. ఫ్యాను ఆగింది. బండి నాంపల్లికి జానెడు దూరంలో ఆగింది. విఠల్ గారు తలదించుకున్నారు. అధ్యక్షులకు ఒక్క ముద్ద ఆవకాయ కూడా అందకుండానే నేరం రుజువైపోయిందని ఆయన దిగులు.

అప్పుడు రమాకాంత్ గారు ఎడమచెయ్యి చాపారు. చూపుడువేలు ఇంజను మీద ఆనించారు. మెల్లగా తోశారు. తోస్తూ తోస్తూ, ఏ తీర్మానమూ లేకుండా, పెదవులు సున్నాలా చుట్టి కూత వేశారు. మొదట సన్నగా. తర్వాత గదంతా దద్దరిల్లేలా.

విఠల్ గారు పడీపడీ నవ్వారు. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి, తుడుచుకోలేదు.

"అధ్యక్షా, అభ్యంతరం," అన్నారు కుమారస్వామి గారు నోట్లో ముద్దతోనే. "ఈ ఇంజను కూత గట్లుండది. రెండు శ్రుతులుంటయి. గిట్ల..." అని చూపించడానికి ఆయన కూడా కూత వేశారు.

"అది తప్పు. నాంపల్లిల నేను విన్న," అని అధ్యక్షులు మళ్ళీ వేశారు. కార్యదర్శి సవరించారు. అధ్యక్షులు తిప్పికొట్టారు. ఎదురింటి హాస్టల్ కిటికీల్లోంచి పుస్తకాలు పట్టుకున్న తలలు బయటికొచ్చాయి. కరెంటు వచ్చి ఫ్యాను తిరగడం మొదలైనా ఎవరూ గమనించలేదు. బండి ఇంకా అధ్యక్షుల వేలితోనే నడుస్తోంది. నెయ్యి ఒలికింది.

చివరకు రమాకాంత్ గారు ఆవకాయ కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నారు. "ఏందిర విఠల్," అన్నారు. "గింత మంచి బండి నడుపుకుంట ఒక్కనాడన్న పిలవకపోతివి. మల్లొక్కసారి పంపు."

సంఘం అధికారిక నివేదిక తర్వాతి వారం వెలువడింది. విఠల్ గారి ఇంజను పరుగెత్తిన మాట వాస్తవమేననీ, అది గర్హణీయమేననీ, అయితే కూత శ్రుతి విషయంలో భిన్నాభిప్రాయాలున్నందున మరిన్ని స్థల తనిఖీలు అవసరమనీ అందులో పేర్కొన్నారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం సభ్యులందరూ భోజనాల వేళకు అశోక్‌నగర్‌లో తనిఖీ జరుపుతున్నారు. బల్ల చాలక రెండో బల్ల కలిపారు. కొందరు తమ ఇంజన్లకు పాత చక్రాలు బిగించుకుని, నేరం ఎలా జరుగుతుందో దగ్గరుండి పరిశీలిస్తున్నారు. విచారణ రెండేళ్ళుగా నడుస్తోంది. చిక్కడపల్లి బీరువాల్లో సరైన చక్రాలు భద్రంగా ఉన్నాయి. ఇన్ని ఆదివారాల్లో తనకు సంతోషం కలిగిందని ఒక్క సభ్యుడు కూడా ఒప్పుకోలేదు. సంఘం క్రమశిక్షణ అలాంటిది.

పాఠక మహాశయులకు మనవి. ఈ కథలో నాంపల్లికి డీజిల్ ఏ సంవత్సరం వచ్చిందో, అసలు ఇంజను పద్దెనిమిది బోగీలే లాగుతుందో లేదో, ఆవగింజను ఎనభై ఏడుతో గుణిస్తే నిజంగా కొబ్బరికాయంత అవుతుందో లేదో మీరు ఇప్పటికే మనసులో సరిచూసుకుని ఉంటారు. నవ్వొచ్చినా ఆపుకుని మరీ తప్పులు ఏరి ఉంటారు. మీకు సభ్యత్వానికి అన్ని అర్హతలూ ఉన్నాయి. ఆదివారం రండి. ఎందుకొచ్చారని సులోచనమ్మ అడిగితే, రైలు చూడాలనిపించి వచ్చామని మాత్రం పొరపాటున అనకండి. తనిఖీకి వచ్చామని చెప్పి, కంచం ముందు కూర్చోండి.