తొమ్మిది మంది తిన్న డబ్బా

సోమవారం పొద్దున జెబా బగారా అన్నం వండి డబ్బాలో పెట్టుకుని, కొత్తగూడెంలో మొదటి బస్సు ఎక్కింది. దమ్మపేట దాటాక అడవి అంచున ఉన్న సర్కారు బడిలో ఆమె టీచర్‌గా చేరి ఆరు నెలలైంది. మధ్యాహ్నం పిల్లలు వరండాలో తింటారు. హెడ్మాస్టర్ వెంకటనారాయణ ఇంటికి వెళ్లి తింటాడు. స్టాఫ్ రూములో జెబా, ఒక ఫ్యాను మిగులుతారు. అందుకే ఆ రోజు కాస్త మంచి వంట.

తిండి గంట కొట్టాక చూస్తే డబ్బా లేదు.

బెత్తం పట్టకూడదని, పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి ఏం జరిగింది, ఎవరికి నష్టమైంది, ఎట్లా సరిచేయాలి అని అడగాలని ఈమధ్యే ట్రైనింగులో చెప్పారు. జెబా ఏడో తరగతిని అట్లాగే కూర్చోబెట్టింది. పావుగంటైనా ఎవరూ నోరు విప్పలేదు. వంటగది నుంచి ఉడికిన గుడ్ల వాసన వచ్చింది.

గుండ్రంగా కూర్చున్న పిల్లల్లోంచి గోరి లేచింది. "నేనే తిన్న టీచర్. ఇగ పోదామా? ఇయ్యాల గుడ్డు."

"ఎట్ల సరిచేస్తవ్?"

"మీకేం గావాలె?"

ఈ ప్రశ్నకు జవాబు ట్రైనింగులో చెప్పలేదు. జెబా తనకు తోచింది చెప్పింది. "వారం రోజులు నా దగ్గర కూసోని తిను."

సాయంత్రం బస్సెక్కగానే కండక్టర్ డబ్బా చేతికిచ్చాడు. "పొద్దుగాల సీటు మీదనే ఇడిసి పోయిండ్రు మేడం." అన్నం పాచిపోయింది. రేపు పిల్లలకు చెప్పేద్దామనుకుంది జెబా.

మంగళవారం గోరి కంచంతో స్టాఫ్ రూముకు వచ్చి పక్కన కూర్చుంది. వాళ్ల మేక ఈనిందట. రెండు పిల్లల్లో ఒకటి పాలు తాగడం లేదట. నడుమ ఆపి డబ్బా మాట ఎత్తడం జెబాకు చేతకాలేదు. బుధవారం అదే తరగతి రెడ్యా వచ్చి, "నేను గూడ తిన్న టీచర్" అని ఫ్యాను కింద కూర్చున్నాడు. గురువారానికి దొంగలు తొమ్మిది మంది అయ్యారు. చెప్పేయాలని జెబా రోజూ ఆ ఖాళీ డబ్బాను సంచిలో తెచ్చేది. రోజూ అట్లాగే కిరాయి గదికి తీసుకుపోయేది.

శుక్రవారం హెడ్మాస్టర్ గుమ్మంలో నిలబడ్డాడు. "ఏంది మేడం గిది? ఒక్క డబ్బా తొమ్మిది మంది తిన్నరా? రేపు అందరి అమ్మానాయినల పిలిపిస్త. పేర్లు రాయండి."

గోరి చేతిలో ముద్ద ఆగిపోయింది. "మా నాయిన బడి మానిపిస్తడు సార్."

జెబా సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. "ఎవ్వరు తినలే సార్. బస్సుల మర్చిపోయిన. సోమవారం సాయంత్రమే దొరికింది."

"మరి ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే?"

జెబా పక్కనున్న తొమ్మిది కంచాల వైపు చూసింది.

ముందుగా రెడ్యా తేరుకున్నాడు. "గుండ్రంగ కూసుందమా టీచర్?"

కూర్చున్నారు. ఈసారి గోరి అడిగింది. "ఎవలకు నష్టమైంది?"

తొమ్మిది చేతులు లేచాయి.

"ఎట్ల సరిచేస్తరు టీచర్?"

"మీకేం గావాలె?"

"బగారా అన్నం!"

గుమ్మంలో హెడ్మాస్టర్ గొంతు సవరించుకున్నాడు. "నాకు గూడ నష్టమే మేడం. ఇంటికాడ నేనొక్కన్నే తింట."

సోమవారం మొదటి బస్సులో కండక్టర్ జెబాకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టు, ఆమె పక్క సీట్లో కూర్చున్న పెద్ద బగారా అన్నం గిన్నెకు లగేజీ టికెట్టు కొట్టాడు.