మంత్రిగారి కుడిచెయ్యి

ఆరోగ్యశాఖ మంత్రిగారి రక్తం సంపూర్ణంగా కోలుకుందని ఆయన పీఏ సోమవారం ఉదయం ఆస్పత్రి మెట్ల మీద నిలబడి విలేకరులకు ప్రకటించాడు.

"పక్షవాతం వచ్చిన వారంలో మంత్రిగారి రక్తంలో మార్కర్ తొంభై. ఇవాళ పద్నాలుగు. ఇంత తక్కువ కాలంలో ఇంత తగ్గుదల ఏ ప్రభుత్వ హయాంలోనూ జరగలేదు."

వెనక నిలబడ్డ కార్యకర్తలు చప్పట్లు కొట్టారు. మార్కర్ అంటే ఏమిటో తెలియకపోయినా, తగ్గినందుకు కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

"కుడిచెయ్యి కదులుతోందా సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

పీఏ అతని వంక జాలిగా చూశాడు. "అయ్యా, ఒళ్ళంతా తిరిగే రక్తమే కోలుకుంది. ఓ పక్కన వేలాడే చెయ్యెంత?"

సరిగ్గా అదే సమయానికి మూడో అంతస్తులో ఆ చేతిని ఒడిలో పెట్టుకుని ఫిజియోథెరపిస్టు కూర్చుని ఉంది. ఆస్పత్రిలో ఆవిడని అందరూ 'కదలండి మేడమ్' అంటారు. ఇరవై ఏళ్లుగా రోగులతో ఆవిడ అంటున్న మాట అదొక్కటే. తిట్టించుకుంది, గోళ్ళతో రక్కించుకుంది, ఒకాయన చేత ప్లాస్టిక్ గ్లాసుతో కొట్టించుకుంది కూడా. ఆయన విసిరింది పడిపోయిన చేత్తోనే కాబట్టి ఆ రోజు వార్డంతా స్వీట్లు పంచింది.

"కదలండి సార్," అంది.

మంత్రిగారి బొటనవేలు కొద్దిగా అదిరి ఊరుకుంది.

కాసేపటికి నరాల డాక్టరుగారూ, విలేకరులని పంపించేసి ఆయన వెనకే పీఏ లోపలికి వచ్చారు. డాక్టరుగారు ఓపికగా చెప్పారు. "చూడండి, మెదడులో నరాలు దెబ్బతింటే వాటిలోంచి ఒక పదార్థం రక్తంలోకి కారుతుంది. అది తగ్గిందంటే మంట ఆరిందని అర్థం. కాలిన ఇల్లు మళ్ళీ లేచిందని కాదు. ఇల్లు కట్టాల్సింది ఈవిడ."

"మంట ఆరింది," అని పీఏ డైరీలో రాసుకున్నాడు. ముఖ్యమైనదేదో, కానిదేదో ఇట్టే పట్టేయడం ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య.

డాక్టరుగారు వెళ్ళాక పీఏ మంచం కాళ్ళ దగ్గరున్న చార్టు తీసి చూశాడు. "ఇదేంటమ్మా, ఐదుకి ఒకటని రాశావు?"

"చేతి బలం సార్. అదురుతోంది గాని కదలట్లేదు. అందుకని ఒకటి."

"అంటే ఇరవై శాతం. డిపాజిట్ దక్కినట్టే." కాసేపు సంతోషించి, మళ్ళీ ముఖం ముడుచుకున్నాడు. "కానీ రక్తం ఒకటి చెప్తుంటే చెయ్యి ఇంకోటి చెప్పకూడదు కదా. క్రమశిక్షణ అంటూ ఉండాలి. ఐదు వేసెయ్."

"ఐదు వేస్తే ఇంక నేను రావక్కర్లేదు సార్."

"అదే మంచిది. కోలుకున్న మనిషి దగ్గరికి రోజూ నువ్వొస్తుంటే జనం ఏమనుకుంటారు?"

ఆవిడకి ఒళ్ళు మండింది. "సార్, చెయ్యి మళ్ళీ నేర్చుకునేది ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. ఇప్పుడు వదిలేస్తే బిగుసుకుపోతుంది."

"మూడు నెలల్లో పార్టీ మహాసభ కూడా ఉంది," అన్నాడు పీఏ, ఆ రెంటికీ ఉన్న సంబంధం ఆవిడే తెలుసుకోవాలన్నట్టు. మంత్రిగారి వైపు వంగాడు. "ఏమంటారు సార్?"

"చూద్దాం," అన్నారు మంత్రిగారు.

పక్షవాతం మంత్రిగారి చేతితో పాటు మాటలన్నీ తీసుకుపోయి, ఆ ఒక్కటీ వదిలింది. భార్యని పిలవాలన్నా అదే, నీళ్ళు కావాలన్నా అదే, కోపమొచ్చినా అదే. అనబోయింది వేరే మాటని ఆయన కళ్ళు చెబుతూనే ఉన్నాయి. పీఏ మాత్రం తృప్తిగా తలూపి వెళ్ళిపోయాడు.

పక్కనే కూర్చుని అంతా విన్న మంత్రిగారి భార్య లేచి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "అమ్మాయ్, రేపట్నించి మేం ఇంటికెళ్ళిపోతున్నాం. ఎన్నింటికొస్తావు?"

"రావద్దన్నారు కదండీ."

"ఆయన కోసం రావద్దన్నారు. నా నడుం నొప్పికి వద్దనలేదుగా."

"మీకు నడుం నొప్పి ఉందా అండీ?"

"ఇప్పుడే మొదలైంది."

అలా కదలండి మేడమ్ రోజూ ఆస్పత్రి డ్యూటీ అయ్యాక మంత్రిగారి ఇంటికి వెళ్ళేది. కింద హాల్లో పరిపాలన జరిగేది, మేడ మీద చెయ్యి జరిగేది.

కింద పరిపాలన దివ్యంగా ఉండేది. రోజూ ఉదయం మంత్రిగారిని కుర్చీలో దింపి, పూలబొకే వెనక కుడిచెయ్యి కనపడకుండా కూర్చోబెట్టేవారు. అధికారులు సమస్యలు విన్నవించేవారు. మందులు లేవు సార్. చూద్దాం. అంబులెన్సులు ఆగిపోయాయి సార్. చూద్దాం. ఫైళ్ళు పీఏ గదిలోకి వెళ్ళి, సాయంత్రానికల్లా సంతకాలతో తిరిగొచ్చేవి. మంత్రిగారి విధానాల్లో ఇంత స్థిరత్వం మునుపెన్నడూ చూడలేదని ఒక పెద్ద అధికారి బహిరంగంగా మెచ్చుకున్నాడు. జబ్బుకి ముందటి ఆయనకీ, ఇప్పటి ఆయనకీ తేడా ఒక్కరూ కనిపెట్టలేకపోయారు.

ఈలోగా పార్టీ విధేయతా రక్తపరీక్షలు మొదలుపెట్టింది. నాయకుడి మార్కర్ పద్నాలుగు కాబట్టి ప్రతి కార్యకర్తా పరీక్ష చేయించుకుని కాగితం చొక్కాకి తగిలించుకోవాలి. యువజన విభాగం అధ్యక్షుడికి తొమ్మిది వచ్చింది. నాయకుడికంటే తక్కువ తెచ్చుకోవడం అహంకారమని వెంటనే సస్పెండ్ చేశారు. "నాకు ఏ జబ్బూ లేదన్నా, అందుకే తక్కువొచ్చింది," అని అతను కాళ్ళావేళ్ళా పడ్డాడు. ల్యాబు వాళ్ళు రెండోసారి పరీక్షించి పదిహేను ఇచ్చాక మళ్ళీ చేర్చుకున్నారు.

మేడ మీద ఇంత వేగం లేదు. మంచి చేతికి లావుపాటి గ్లౌజు తొడిగి, పని చేయని చేత్తోనే పని చేయించేది కదలండి మేడమ్. తడి తువ్వాలు పిండాలి, రెండు వందల సార్లు. బల్ల మీద గిన్నెలోంచి బటాణీ గింజలు తీసి ఇంకో గిన్నెలో వెయ్యాలి. చొక్కా బొత్తాం పెట్టాలి. ఒక బొత్తానికి ఇరవై నిమిషాలు పట్టేది. ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళని కదలనివ్వని మనిషి, తన వేలు కదలనందుకు చిన్నపిల్లాడిలా ఏడ్చేవారు.

"కదలండి సార్."

"చూద్దాం!" అని అరిచేవారు. ఆ అరుపులో ఎన్ని బూతులున్నాయో ఆవిడకి తెలుసు.

నలభయ్యో రోజున బటాణీ గింజ ఒకటి గిన్నె దాటింది. మంత్రిగారు దాన్ని చాలాసేపు చూశారు. తర్వాత భార్య వైపు తిరిగి, "చూ... చూడు," అన్నారు. ఆవిడ గబగబా వరండాలోకి వెళ్ళిపోయింది, ముక్కు చీదుకోడానికి. కదలండి మేడమ్ గింజని మళ్ళీ మొదటి గిన్నెలో వేసింది. "ఇంకోసారి సార్," అంది.

ఆ తర్వాత మాటలు ఒక్కటొక్కటిగా వచ్చాయి. 'నీళ్ళు' వచ్చింది. 'అమ్మా' వచ్చింది. 'వద్దు' వచ్చిన రోజున ఆయన దాన్ని సాయంత్రం దాకా రకరకాలుగా అనుకుని మురిసిపోయారు.

మూడు నెలలు నిండే వారంలో ఆయన కాగితం, పెన్ను అడిగారు. కదలండి మేడమ్ పెన్నుకి గుడ్డ చుట్టి లావు చేసి ఇచ్చింది. నాలుగు లైన్లు రాయడానికి గంటన్నర పట్టింది. అక్షరాలు వర్షంలో పరిగెత్తే జనంలా ఉన్నాయి గాని, చదివితే అర్థమవుతోంది. అనారోగ్యం వల్ల మంత్రి పదవికి రాజీనామా చేస్తున్నానని రాశారు. కింద సంతకం పెట్టారు. చెమట తుడుచుకున్నారు.

"నిజంగానే మానేస్తారా అండీ?" అంది భార్య.

"చేతికి... పనుంది," అన్నారు మంత్రిగారు. "బొత్తాలు... ఇంకా మూడు."

ఆ కాగితాన్ని భార్య స్వయంగా కారులో వెళ్ళి ముఖ్యమంత్రి కార్యాలయంలో ఇచ్చి వచ్చింది. కదలండి మేడమ్ ఆ సాయంత్రం చార్టు తీసి, ఐదుకి నాలుగని రాసింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ అంకె రాసినప్పుడూ అంత గర్వపడలేదు.

మర్నాడు ఆవిడ వెళ్ళేసరికి మంత్రిగారు కిటికీ దగ్గర పత్రిక చదువుతున్నారు. కుడిచేత్తోనే పట్టుకున్నారు. ఆవిడని చూసి మొదటి పేజీ చూపించారు.

ఎవరో దుండగులు మంత్రిగారి పేరిట దొంగ రాజీనామా సృష్టించారట. గత మూడు నెలల్లో మంత్రిగారు సంతకం చేసిన నాలుగు వందల ఫైళ్ళతో నిపుణులు పోల్చి చూసి, ఇది ఆయన చేతిరాత కానేకాదని తేల్చారట. మంత్రిగారు ఈ కుట్రని తీవ్రంగా ఖండించారట. ఖండన లేఖ ఫొటో కూడా వేశారు. కింద మంత్రిగారి సంతకం, వంపులన్నీ చక్కగా తిరిగి, గీతతో సహా ఉంది.

"పోలీసులకి చెప్దామా సార్?" అంది ఆవిడ.

మంత్రిగారు తల అడ్డంగా ఊపారు. ఆ సంతకాన్ని వేలితో మెల్లగా తడిమి చూశారు.

"అమ్మా," అన్నారు. "ఎంత... బాగుందో చూడు. ఇంకెన్నాళ్ళు నేర్పితే... నాకిలా వస్తుంది?"